ఆరు కుర్చీల రాజు

నా పేరు నాగరత్నం. చదువు మూడో తరగతిలో ఆగిపోయింది. సంతకం పెడతాను, బస్సు నంబరు చదువుతాను, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాను, అంతే. ఇది నేను చెబుతుంటే సునీత రాస్తోంది. సునీత మొన్ననే ఈ పనిలో చేరింది. "పిన్నీ, ట్రైనింగులో చెప్పనివి ఏమన్నా ఉంటే చెప్పు" అని అడిగింది. పదమూడేళ్ళు చేశాను కాబట్టి కొన్ని ఉన్నాయి.

మనది ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే పని. మంచం మీంచి ఎలా లేపాలి, స్నానాల గదిలో ఎక్కడ పట్టుకోవాలి, మాత్రలు ఏ పూట వేయాలి, ఇవన్నీ ట్రైనింగులో చెబుతారు. అవి నేను చెప్పను. నీ నడుము జాగ్రత్త, అదొక్కటే చెబుతాను. నేను చెప్పబోయేది ఒక డాక్టరు గారి గురించి, ఆయన మనసు పడ్డ ఒక రాజు గురించి. డైపర్లు మార్చే పనికీ రాజుకీ ఏం సంబంధం అని సునీత నవ్వుతోంది. ముందు రాయమ్మా, చివర్లో నవ్వుదువుగాని.

చచ్చినవాణ్ణి రోజూ చంపకు

మా ఆయన లారీ నడిపేవాడు. రోడ్డు మీదే పోయాడు. మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో, షికాగో పక్కన అరోరాలో నర్సు. తను కాగితాలు పెట్టి నన్ను పిలిపించుకుంది. ఎయిర్‌పోర్టుల్లో చెప్పులు విప్పించడం కొత్తగా మొదలుపెట్టిన రోజులవి. గుడిలో తప్ప ఇంకెక్కడా చెప్పులు విప్పమనరని అనుకునేదాన్ని.

ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కేటట్టు ఉంది. పొద్దున అందరూ కార్లేసుకుని పోతారు, సాయంత్రందాకా గోడలే. అప్పుడు విమల గారు పనిలో పెట్టుకున్నారు. ఆవిడ మన నెల్లూరు మనిషి. తెలుగు ముసలివాళ్ళ ఇళ్ళకు మనుషుల్ని పంపే చిన్న ఏజెన్సీ పెట్టారు. నోరు కత్తి, మనసు మంచిది.

మొదట నన్ను ఒక పెద్దావిడ దగ్గరికి పంపారు. ఆమెకు మతిమరుపు. "మా ఆయన ఏడీ?" అని రోజూ అడిగేది. ఆయన పోయి ఆరేళ్ళయింది. నేను నిజమే చెప్పేదాన్ని. "పోయారమ్మా" అనేదాన్ని. ఆమె అప్పుడే కబురు విన్నట్టు గుండెలు బాదుకునేది. మర్నాడు మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే ఏడుపు. అట్లా వారం రోజులు. విమల గారు వచ్చి చూసి నన్ను వంటింట్లోకి పిలిచారు.

"రత్నం, చచ్చినవాణ్ణి రోజూ చంపకు" అన్నారు.

"అబద్ధం చెప్పమంటారా మరి?"

"అదీ చెప్పమనలేదు."

నాకు అర్థం కాలేదు. తర్వాతి రోజు "బజారుకెళ్ళారమ్మా, వస్తారు" అన్నాను. ఇంకేముంది, ఆమె అన్నం మానేసి సాయంత్రందాకా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని రోడ్డు చూసింది. ఆ రోజు నాకే తిండి దిగలేదు. విమల గారికి ఫోన్ చేస్తే "ఆయన ఏడీ అంటే, ఆయన ఎట్లాంటివాడో నువ్వు అడుగు. ఆమె దగ్గరున్న నిజం ఆమెనే చెప్పనీ" అన్నారు. అట్లాగే అడిగాను. "ఆయనకు కాఫీలో చక్కెర ఎక్కువుండాలి, మహా కోపిష్ఠి" అంటూ నవ్వుతూ అన్నం తిన్నది. ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. తర్వాత ఇదే నన్ను కాపాడింది.

డాక్టరు గారి ఇల్లు

డాక్టరు గారిది అరోరా పక్క ఊరు నేపర్‌విల్. గుంటూరులో డాక్టరు చదువు చదివి, ఇక్కడికి వచ్చి, షికాగోలో బీదాబిక్కీ వచ్చే పెద్దాసుపత్రిలో నలభై ఏళ్ళు పనిచేశారు. భార్య పోయింది. ఒక్కతే కూతురు, మాధవి. ఆమె పొద్దున రైల్లో ఆఫీసుకు వెళ్ళి సాయంత్రం తండ్రి దగ్గరికే వచ్చేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను.

మొదటి రోజు బెల్లు కొడితే ఆయనే తలుపు తీశారు. పొడుగ్గా, సన్నగా, చెదిరిన తెల్లజుట్టుతో ఉన్నారు. నా పేరు అడగలేదు. "నీళ్ళు తాగుతావా?" అన్నారు. నేను తెచ్చుకుంటానంటే వినలేదు. తనే గ్లాసులో పోసి, వణికే చేత్తో తెచ్చిచ్చారు. ఆ ఇంటికి ఎవరొచ్చినా అంతే. పోస్టాయన వచ్చినా, కొళాయి బాగుచేసేవాడొచ్చినా ముందు నీళ్ళు. ఆ తెల్లవాళ్ళు బిక్కమొహం వేసుకుని తాగేవాళ్ళు. నీళ్ళిచ్చే పని మాత్రం నన్ను చేయనిచ్చేవారు కాదు. ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను. తప్పు. చాదస్తం అనుకునే ముందు ఎక్కడ మొదలైందో ఆలోచించాలి.

ఆయనకు అప్పుడే మరుపు మొదలైంది. మాత్ర వేసుకున్నదీ లేనిదీ గుర్తుండదు. కూతురు పేరు ఒక్కోసారి భార్య పేరుతో కలిసిపోతుంది. కానీ ఆయన ఒక పుస్తకం రాస్తున్నారు, తెలుగులో, ఒక రాజు మీద. ఆ రాజు పేరు నా నోరు తిరగదు. డాక్టరు గారు ఎప్పుడూ "మన కుర్రాడు" అనేవారు కాబట్టి నేనూ అంతే.

వాళ్ళ భోజనాల బల్లకు ఆరు కుర్చీలు. ఆ కుర్చీల మీదే పుస్తకం, ఆయన కూర్చోవడానికి విడిగా ఒక చేతుల కుర్చీ. చిన్న చిన్న చీటీల మీద రాసి, రాజు బతుకులో ఏ కాలానిది ఆ కుర్చీ మీద దొంతరగా పెట్టి, పైన ఒక స్టీలు గ్లాసు బరువు పెట్టేవారు. నంబర్లు వేయలేదు. "కుర్చీ ఉండగా నంబరెందుకు?" అనేవారు. ఆ రాతా, అచ్చం డాక్టరు రాత. మాధవికి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. వచ్చినవాళ్ళెవరైనా ఆ చీటీలు చూసి తల గోక్కునేవాళ్ళే. ఆయన రాత ఆయనకే.

ఆరో కుర్చీ ఖాళీ. మొదటి మధ్యాహ్నం ఆయనకు అన్నం పెట్టి నేను పక్కన నిలబడ్డాను.

"నువ్వు?"

"తర్వాత తింటానండీ, వంటింట్లో."

"మన కుర్రాడి రాజ్యంలో ఎవరూ నిలబడక్కర్లేదు. ఆరో కుర్చీలో ఇంకా ఏమీ లేదు. కూర్చో."

ఆ బల్ల దగ్గర కూర్చుని తింటూ మూడేళ్ళపాటు ఆ రాజు కథ విన్నాను. రోజుకొక కుర్చీ. ఏడో రోజుకి మళ్ళీ మొదటిది. చెప్పినట్టు ఆయనకు గుర్తుండేది కాదు. నాకేమో విన్నది పోదు. చదువు రానివాళ్ళకు దేవుడిచ్చిన సంచి చెవే కదా.

మన కుర్రాడు

పోర్చుగల్ అని సముద్రం ఒడ్డున ఒక దేశం. మన గోవా ఒకప్పుడు వాళ్ళ చేతిలోనే ఉండేదట. ఆ దేశాన్ని ఏలింది ఈ పిల్లాడి తల్లి. ఆమే రాణి. ఇతను పెద్దకొడుకు. చదువంటే ప్రాణం, మాట తక్కువ, మొహాన దిగులు. ఇది మొదటి కుర్చీ.

అతనికి పదహారేళ్ళప్పుడు తల్లి కాన్పులో పోయింది. కిరీటం అతనిదే, కానీ ఏలేంత వయసు రాలేదని తండ్రి రెండేళ్ళు రాజ్యం చూసుకున్నాడు. ఈలోగా ఇతను దేశాలు తిరిగాడు. రాజులు వేటకూ విందులకూ తిరిగితే ఇతను బడులూ ఫ్యాక్టరీలూ చూసి రాసుకున్నాడట. రెండో కుర్చీ.

పద్దెనిమిది నిండాక రాజ్యం చేతికొచ్చింది. అప్పటిదాకా జనం వంగి రాజు చెయ్యి ముద్దు పెట్టుకోవాలి. అక్కర్లేదు, మానేయండి అన్నాడు. కోట గుమ్మం దగ్గర ఆకుపచ్చ పెట్టె ఒకటి పెట్టించాడు. ఎవరికి ఏ కష్టమున్నా రాసి అందులో వేయొచ్చు. తాళంచెవి మంత్రుల దగ్గర లేదు, అతని దగ్గరే. ఉరిశిక్ష కాగితాల మీద సంతకం పెట్టనన్నాడట. అంతలో ఊళ్ళో కలరా. డబ్బున్నవాళ్ళు బళ్ళు కట్టుకుని ఊరొదిలిపోతే, ఇతను ఆసుపత్రికి వెళ్ళి రోగుల తలాపి దగ్గర కూర్చున్నాడు. మూడో కుర్చీ.

తర్వాత దేశానికి మొదటి రైలు తెచ్చాడు, టెలిగ్రాఫు తీగలు వేయించాడు. రైలు వచ్చిన సంబరం తీరకముందే ఇంకో జబ్బు, కళ్ళు పసుపుముద్దలయ్యే జ్వరం. మళ్ళీ ఆసుపత్రికే. వద్దని మంత్రులు మొత్తుకున్నా మంచం మంచానికీ తిరిగాడు. నాలుగో కుర్చీ.

ఇరవై ఏళ్ళకు పెళ్ళయింది. బంగారంలాంటి పిల్ల. పసిపిల్లలకు విడిగా ఆసుపత్రి ఉండాలని అడిగింది ఆమే. ఏడాది తిరిగిందో లేదో, గొంతు జబ్బు వచ్చి పోయింది. అయిదో కుర్చీ.

ఆరో కుర్చీ రాజు చావు. అది నోటితో చెప్పేవారు గాని రాయలేకపోయేవారు. కలం పట్టుకునేవారు, పెట్టేసేవారు. "ఇరవై నాలుగేళ్ళే రత్నం" అనేవారు. ఇంత కథ చదివిన మనిషికి అదేం కష్టమో నాకు అర్థమయ్యేది కాదు.

ఎండుమిరపకాయ

పై అధికారి ఎట్లా ఉండాలో నాకు చూపించింది డాక్టరు గారే. బిస్కెట్ల డబ్బా ఒకదానికి ఆకుపచ్చ రంగేసి వంటింటి గట్టు మీద పెట్టారు.

"నీ ఫిర్యాదులు ఇందులో వెయ్యి."

"నాకు రాయడం రాదుగా డాక్టరు గారూ."

"ఒక ఎండుమిరపకాయ వెయ్యి. రోజూ పొద్దున తీసి చూస్తాను. కాయ ఉంటే ఏమిటని నేనే అడుగుతాను."

"మరి తాళం?"

"ఆ మూత నా గోళ్ళతో తప్ప రాదు. అదే తాళం."

మొదట నవ్వులాటకి వేశాను. పొద్దున కాయ పట్టుకుని వచ్చి, కోర్టులో జడ్జీలాగా నిలబడి "ఏమిటీ ఫిర్యాదు?" అన్నారు. "ఇంట్లో హీటు తక్కువ, కాళ్ళు జివ్వుమంటున్నాయి" అన్నాను. వెంటనే పెంచారు. ఇంకోసారి "మాత్రలు మింగకుండా కరివేపాకు కుండీలో పాతేస్తున్నారు" అన్నాను. అప్పుడు మాత్రం "అది ఫిర్యాదు కాదు, చాడీ" అన్నారు. కానీ ఆ పూట నుంచి నా ఎదురుగానే మింగారు. మీ పైవాళ్ళు అడిగేటట్టు లేకపోతే, అట్లాంటి ఇంట్లో ఎక్కువ కాలం ఉండొద్దు. అది నా మాట.

నా తప్పు

మూడో ఏడు మరుపు ముదిరింది. ఆయనను మెమరీ కేర్‌లో, అంటే మతిమరుపు వాళ్ళను చూసుకునే హోములో, చేర్చాలని మాధవి అనుకుంటోంది. ఆయన ఒక్కటే అడిగారు. "పుస్తకం అయ్యేదాకా నన్ను కదపకు. అయిపోయాక ఎక్కడికైనా వస్తాను." మాధవి మాటిచ్చింది. అయిదు కుర్చీలు నిండాయి, ఆరోదే మిగిలింది.

దసరా వచ్చింది. మహర్నవమి నాడు పుస్తకాలు అమ్మవారి ముందు పెట్టడం, మర్నాడు పూజయ్యేదాకా వాటిని ముట్టుకోకపోవడం మనకున్నదే. చదువు రానిదాన్ని, నాకు కాగితమంటే భయం, భక్తి. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాను. ఈయన ఇంత రాసుకుంటే సరస్వతి ముందు పెట్టకపోవడమేమిటని అనుకున్నాను. డాక్టరు గారు మధ్యాహ్నం కునుకు తీస్తున్నారు. నేను అయిదు కుర్చీల మీది చీటీలూ తీశాను. పెద్దవి కింద, చిన్నవి పైన పెట్టి, అంచులు సమంగా తట్టి, దారంతో కట్టి, పసుపూ కుంకుమా పెట్టి, దీపం వెలిగించాను. ఎంత ముచ్చటగా ఉందో చూసుకుని మురిశాను కూడా.

వరస పోయిందని నాకు తట్టనే లేదు. చదివేవాళ్ళయితే అడిగేవాళ్ళు. మొక్కేవాళ్ళం అడగం.

ఆయన లేచి వచ్చేసరికి కుర్చీలు ఖాళీ. సరిగ్గా అప్పుడే మాధవి పండగకని ఆఫీసు నుంచి తొందరగా వచ్చింది.

"ఎవరు పట్టుకుపోయారు? మన కుర్రాణ్ణి ఎవరు తీసుకుపోయారు?" అన్నారు.

"అమ్మవారి దగ్గర పెట్టానండీ. రేపు పొద్దున దాకా ముట్టుకోకూడదు" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆయన వెళ్ళి కట్ట లాగారు. దీపం ఒరిగి బట్టకు అంటుకుంది. నేను చెంబెడు నీళ్ళు పోసి ఆర్పాను గాని, ఇంట్లో పొగ అలారం చెవులు పగిలేటట్టు మోగింది. ఆయన చెవులు మూసుకుని బల్ల కింద కూర్చున్నారు. చీటీలు నేలంతా పరుచుకున్నాయి. మాధవి ఆయన పక్కన చతికిలబడి "డాడీ, ఇట్స్ ఓకే, ఇట్స్ ఓకే" అంటోంది. ఒక్క కాగితమూ కాలలేదు. కానీ ఏ కాగితం ఎక్కడిదో ఇక ఎవరికీ తెలియదు. ఆయనకు సైతం.

ఆయన పడుకున్నాక మాధవి నన్ను సోఫాలో కూర్చోబెట్టింది.

"ఆంటీ, మీ మీద కోపం లేదు. కానీ దిస్ ఈజ్ నాట్ సేఫ్. రెండు వారాల్లో ఒక రూమ్ ఖాళీ అవుతుంది. ఐ యామ్ టేకింగ్ ఇట్."

"పుస్తకం అయ్యేదాకా అన్నావుగా తల్లీ."

"బుక్ అయిపోయింది ఆంటీ. చూశారుగా. ఇట్స్ ఓవర్."

ముసలివాళ్ళను హోములో పెట్టడం పాపమని మనవాళ్ళు అంటారు. నేను అనను. ఆ పిల్ల ఎన్ని రోజులు నిద్ర లేకుండా రైలెక్కిందో నేను చూశాను. నా బాధ హోము గురించి కాదు. ఆయన అడిగినది ఒక్కటే, దాన్ని నేనే చెరిపేశాను.

చదివేది ఆయన, చోటు చెప్పేది నేను

మర్నాడు పనికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. వెళ్ళాను. ఆయన నీళ్ళిచ్చి కిటికీవైపు తిరిగారు. వంటింట్లోకి వెళితే ఆకుపచ్చ డబ్బా మూత సరిగ్గా పడలేదు. తీసి చూశాను. ఒక ఎండుమిరపకాయ. నేను వేసింది కాదు.

కాయ పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"ఏమిటీ ఫిర్యాదు?" అన్నాను.

ఆయన కాయ చేతిలోకి తీసుకున్నారు. "మన కుర్రాడు కనపడటం లేదు" అన్నారు.

"వెతుకుదామా?"

"నాకు దారి గుర్తులేదు."

"నాకు గుర్తుంది. మీరు చదవండి."

అట్లా మొదలైంది. ఆయన ఒక్కో చీటీ తీసి చదువుతారు. చదవడం పోలేదు, చదివింది ఎక్కడిదో తెలియడమే పోయింది. నేను విని ఏ కుర్చీయో చెబుతాను. రోజుకు కొన్నే. అలసిపోతే ఆపేసేవాళ్ళం. ఆయన ఊరికే ఒప్పుకునేరకమూ కాదు.

"'వార్డులో గాలి లేదు. రాజు కిటికీలు తెరిపించాడు.' ఇది కలరాలోది. మూడు."

"కాదండీ, నాలుగు. రైలు వచ్చాక."

"డాక్టర్ని నేనా నువ్వా?"

"కింద ఏమని ఉందో చదవండి."

"'కళ్ళు పసుపు.'" ఆయన చీటీ నాలుగో కుర్చీ మీద పెట్టారు. "ప్రొసీడ్" అన్నారు.

ఒకరోజు చాలా గంభీరంగా "'పెరుగు. కరివేపాకు. బెండకాయలు లేతవి'" అని చదివి, ఏ కుర్చీ అన్నట్టు చూశారు. "అది ఫ్రిజ్జు మీద పెట్టండి" అన్నాను. తర్వాత ఆయనకే వెలిగి, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆ సాయంత్రం మాధవి వచ్చేసరికి రెండు కుర్చీలు నిండి ఉన్నాయి. ఆమె బ్యాగు భుజాన ఉంచుకునే నిలబడిపోయింది.

"ఆంటీ, మీకెలా తెలుసు?"

"మూడేళ్ళు భోంచేశానుగా తల్లీ ఇక్కడ."

ఆ మర్నాటి నుంచి ఆమె సాయంత్రాలు ఫోనుతో కుర్చీ కుర్చీకీ ఫోటోలు తీసుకోవడం మొదలుపెట్టింది, మళ్ళీ కలిసిపోకుండా.

ఆరో కుర్చీ

పన్నెండో రోజుకు అయిదు కుర్చీలూ నిండాయి. చేతిలో ఒక్క చీటీ మిగిలింది. మడతలు పడి పాతబడింది, మిగతావాటిలా లేదు. నేను మూడేళ్ళలో ఒక్కసారీ వినని చీటీ. ఆయన చదివారు.

"'ఉప్పెన వెళ్ళిన తర్వాత కలరా. డాక్టరు చదువుతున్న కుర్రాణ్ణి వార్డులో పనికి వేశారు. మూడో రోజున తండ్రి వచ్చి ఇంటికి పద అన్నాడు. కుర్రాడు బండెక్కాడు. చివరి మంచం మీది ముసలామె నీళ్ళడుగుతోంది. వినపడనట్టు వెళ్ళిపోయాడు.'"

చదివి నా వైపు చూశారు. "ఇది ఏ కుర్చీ?"

ఉప్పెన మన సముద్రానిది. బండి మన బండి. ఈ చీటీలో కుర్రాడు ఆ దేశం రాజు కాదు. గ్లాసు నీళ్ళు ఎవరినీ పోయనివ్వకుండా తనే ఎందుకు తెచ్చిచ్చేవారో, ఆ రాజంటే అంత ప్రాణమెందుకో నాకు అప్పుడు తెలిసింది. వీడు పారిపోయిన చోట వాడు నిలబడ్డాడు. ఆయనకు మాత్రం అది తనేనని గుర్తులేదు. అదొక మేలు. పెన్నులూ పేర్లూ మరిచిపోయినట్టే అదీ మరిచిపోయారు.

ఇక్కడే సునీతా, జాగ్రత్తగా రాయి. "అది మీరేనండీ" అంటే నిజం. "అది మీ కథలోది కాదు, పారేయండి" అంటే తేలిక. విమల గారి మాట గుర్తొచ్చింది. చచ్చినవాణ్ణి రోజూ చంపకు, అట్లాగని బజారుకూ పంపకు.

"ఆరో కుర్చీ" అన్నాను.

"అది రాజు చావు కదా."

"అవునండీ. రాసుకోండి, నేను చెబుతాను."

ఆయన కొత్త చీటీ తీసుకున్నారు. ఆయన నాకు నోటితో చెప్పిందే నేను తిరిగి చెప్పాను. "రాజు ఎక్కడెక్కడో ఊళ్ళు తిరిగి జ్వరంతో వచ్చాడు. తమ్ముళ్ళకూ అదే జ్వరం, వాళ్ళలోనూ కొందరు పోయారు. జనం విషం పెట్టారని వీధుల్లోకి వచ్చారు. విషం కాదు. మీరే అనేవారు, నీళ్ళయి ఉంటాయని. కలరా మంచాల మధ్య తిరిగినవాణ్ణి ఆ జబ్బు ఏమీ చేయలేదు, ఎక్కడో తాగిన నీళ్ళు తీసుకుపోయాయి. ఇరవై నాలుగేళ్ళు." ఆయన రాశారు. కలం పెట్టేయలేదు.

రాసి, పాత చీటీ మళ్ళీ తీశారు. "మరి ఈ కుర్రాడు? బండెక్కినవాడు? వీడు తర్వాత ఏమయ్యాడు?"

"మీకేమనిపిస్తుందండీ? ఎట్లాంటివాడు?"

"పిరికివాడు" అన్నారు. మళ్ళీ చీటీ చూసి, "చిన్నవాడు కూడా. ఇరవై ఉంటాయేమో" అన్నారు.

"తర్వాత వాడు వేరే దేశం వెళ్ళాడండీ. బీదవాళ్ళ ఆసుపత్రిలో నలభై ఏళ్ళు మంచం మంచానికీ తిరిగాడు. ముసలివాడయ్యాక, గుమ్మంలోకి ఎవరొచ్చినా తన చేత్తోనే నీళ్ళిచ్చాడు. పోస్టాయనకు కూడా."

"పోస్టాయనకు కూడానా?"

"కొళాయివాడికి కూడా."

ఆయన నవ్వారు. "అయితే రాయాల్సిందే" అని ఆ నాలుగు ముక్కలూ రాసి, రెండు చీటీలూ కలిపి ఆరో కుర్చీ మీద పెట్టారు. దాని మీద గ్లాసు బరువు పెట్టబోయి, ఆగి, అందులో నీళ్ళు పోసి నాకిచ్చారు. నేను కూర్చునే చోటు పోయింది కదా, ఆ గ్లాసు నిలబడే తాగాను.

తర్వాత

మాట ప్రకారం ఆయన హోముకు వెళ్ళారు, గొడవ పెట్టకుండా, ఆకుపచ్చ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కారెక్కారు. మాధవి ఆ ఫోటోలను వరసగా హైదరాబాదు పంపి, ఆ రాత చదవగలిగిన ఒక ముసలి కాంపౌండరు చేత చదివించి, అచ్చు వేయించింది. పుస్తకం నా దగ్గర ఒకటి ఉంది. కూడబలుక్కుని చివరి పేజీ వరకూ వచ్చాను, నాలుగు నెలలు పట్టింది. పాత చీటీలోని కుర్రాడెవరో మాధవికి నేను చెప్పలేదు. చదివించుకుని తనే తెలుసుకుంది. ఫోన్ చేసి "ఆంటీ, అందుకేనా ఆ నీళ్ళు?" అంది. "అందుకే తల్లీ" అన్నాను.

హోముకు కిందటేడు వెళ్ళాను. అప్పటికి నేను పని మానేశాను, మోకాళ్ళు పోయాయి. ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. నన్ను గుర్తుపట్టలేదు. రాజు కథ ఎత్తాను, పోర్చుగల్ అన్నాను, మన కుర్రాడు అన్నాను. మొహంలో ఏమీ లేదు. ఆకుపచ్చ డబ్బాలో ఎవరో దువ్వెనలు పెట్టారు. అంతా పోయిందనుకున్నాను. ఏం చేయాలో తోచక, చేతులు కట్టుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను.

ఆయన నన్ను చూసి, కోప్పడుతున్నట్టు కనుబొమలు ముడిచి, పక్క కుర్చీ మీద చెయ్యి తట్టారు.

"నిలబడతావేం? ఇక్కడ ఎవరూ నిలబడక్కర్లేదు" అన్నారు. "కూర్చో. నీళ్ళు తాగుతావా?"

కూర్చున్నాను. ఆయన లేచి తేలేరు కాబట్టి జగ్గు దగ్గరికి జరిపాను. ఆయనే పోశారు. సగం ఒలికింది. మిగతా సగం తాగాను.